ఆరిపోవలసిన వెలుగు

నోటితో పీల్చిన రంగు

నేను చదువుకునే రోజుల్లో మా మాస్టారు ఇథిడియం బ్రోమైడ్‌ను నోటితో పీల్చేవారు. నిజమండీ, ఒట్టు. గాజు పిపెట్టు పెదాల మధ్య పెట్టుకుని, గీత దాకా పీల్చి, పైన వేలు అడ్డం పెట్టి, "చూశావా అమ్మాయ్, చెయ్యి వణక్కూడదు" అని నాకు పాఠం చెప్పేవారు. ఆ ఎర్రరంగు చేసే పని ఏమిటో తెలుసా? మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండే డీఎన్‌ఏలోకి దూరి, దాని మెట్ల మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది. అలా కూర్చుంటుందనే కదా మేం దాన్ని కొన్నది! అలా కూర్చునేదాన్ని మూతి దగ్గరికి తెచ్చుకోకూడదన్న బుద్ధి మాత్రం ఆ గదిలో ఒక్కరికీ పుట్టలేదు. చేతికి తొడుగులుండేవి కావు. రంగు అంటిన వేళ్ళతోనే సాయంత్రం బజ్జీలు తినేవాళ్ళం.

నా పేరు సత్యవతి. మాది చీరాల. గుంటూరు పక్కనున్న ఒక పీజీ కాలేజీలో కాంతిని కొలిచే యంత్రాల గదిని చూసుకుంటూ, పాఠాలు చెప్పుకుంటూ రిటైరయ్యాను. ఉద్యోగమంతా చీరాల ప్యాసింజర్లో నిలబడి వెళ్ళడం, చీకటి గదిలో కూర్చోవడం, మళ్ళీ నిలబడి రావడం. కొత్తగా ల్యాబుల్లో చేరే పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చి, "మేడం, ఏదైనా సలహా చెప్పండి" అంటారు. సలహాలు నా దగ్గర లేవు. బిత్తరపోయిన సందర్భాలున్నాయి. ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో గుర్తులేదు కానీ, ఎక్కడెక్కడ నోట మాట రాక నిలబడిపోయానో అన్నీ గుర్తున్నాయి. వాటిలో పెద్దదాన్ని గురించి రాస్తాను. అది నాకు జరిగింది కాదు, జానీ బేగం అనే అమ్మాయికి జరిగింది. నేను పక్కన ఉన్నాను.

రంగు ఎందుకు వెలుగుతుంది

ముందు ఈ నాలుగు ముక్కలూ తెలియాలి. భయపడకండి, ఇంటర్ చదివినవాళ్ళకి చాలు.

డీఎన్‌ఏ అంటే మెలి తిప్పిన నిచ్చెన. కొన్ని రంగు అణువులు ఆ నిచ్చెన మెట్ల మధ్య దూరతాయి, కొన్ని పక్కనున్న గాడిలో పడుకుంటాయి. మేం పనిచేసిన రకం రంగులో రెండు ముక్కలుంటాయి, మధ్యన ఒక బంధం. నీళ్ళలో వదిలితే ఆ రెండు ముక్కలూ కుదురుగా ఉండవు, తెగ తిరుగుతుంటాయి. మనం దాని మీద నీలికాంతి వేస్తే ఆ శక్తినంతా ఆ తిరుగుడుకే తగలేసి చీకటిగా ఉండిపోతుంది. అదే డీఎన్‌ఏలో ఇరుక్కుందనుకోండి, తిరగడానికి చోటు ఉండదు. పొద్దున పూట మా ప్యాసింజర్లో నిలబడ్డవాడు ముక్కు మీద ఈగ వాలినా చెయ్యెత్తలేడు చూడండి, అట్లా. తిరగడానికి వీల్లేక మింగిన శక్తిని వెలుగుగా కక్కుతుంది. ఆ వెలుగు ఎంతో కొలిస్తే రంగు ఎంత గట్టిగా పట్టుకుందో తెలుస్తుంది. మా ఉద్యోగం ఇదే.

ఇక్కడ రెండు సంగతులు. ఒకటి, డీఎన్‌ఏలో చోట్లకు లెక్క ఉంటుంది. కొంచెం కొంచెం డీఎన్‌ఏ కలుపుకుంటూ పోతే వెలుగు పెరిగి పెరిగి, ఉన్న రంగంతా సర్దుకున్నాక ఇక పెరగదు. గీత వంగి, బల్లపరుపుగా పడుకుంటుంది. రెండు, తనను ఇరికించింది డీఎన్‌ఏనా ఇంకోటా అన్న పట్టింపు రంగుకు లేదు. ఎవరు ఇరికించినా వెలుగుతుంది. ఆ తేడా చూసుకోవలసింది మనిషే.

సుదర్శనరావు గారి చొక్కా

మా హెడ్ సుదర్శనరావు గారు. గొంతు పెద్దది, మనసూ మంచిదే. పాఠం చెబితే పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీల దగ్గర చేరేవారు. తెల్లచొక్కా తప్ప వేసుకునేవారు కారు, అదీ మల్లెపువ్వులా ఉండాలి.

ఒక మధ్యాహ్నం చీకటిగదిలో అతినీల దీపం, అదే యూవీ లైటు, వేసి ఏదో చూస్తున్నాం. ఆయన తలుపు తీసుకుని లోపలికొచ్చారు. అంతే, ఆయన చొక్కా భగ్గున నీలంగా వెలిగింది! మనిషి కనిపించడం లేదు, చొక్కా ఒక్కటే గాలిలో నడిచొస్తోంది. పిల్లలు ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. తన చొక్కాకేసి చూసుకుంటూ కొయ్యబారిపోయారు.

"సబ్బుపొడి! అందులో తెల్లదనం కోసం వెలిగే మందు కలుపుతున్నారు. సత్యవతమ్మా, మనం డీఎన్‌ఏ తీసేది సబ్బుతోనే కదా? ఆ దిక్కుమాలిన వెలుగంతా మన లెక్కల్లోకి వచ్చేస్తుంది కదమ్మా!"

ఆకుల్లోంచి, మొలకల్లోంచి డీఎన్‌ఏ బయటికి తీయాలంటే కణాల గోడలు కరిగించాలి. దానికి సబ్బు లాంటిదేదో కావాలి. ల్యాబుల కోసమే తయారుచేసే శుద్ధమైన సబ్బు ఉంది, అందులో ఈ వెలిగే మందు ఉండదు. ఆ మాటే చెప్పాను. ఆయన వినలేదు.

"మా అమ్మ పట్టుచీరలు దేంతో ఉతికేది? నగలు దేంతో కడిగేది? కుంకుడుకాయతో! దాన్ని మించిన సబ్బు ఎక్కడుంది? బయట కొన్నదంతా బంగారం, మన పెరట్లో కాసిందంతా పెంటా?"

కుంకుళ్ళు నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టి, ఆ రసాన్ని దీపం కింద పెట్టించారు. చీకటి. ఏమీ వెలగలేదు. అందరం చప్పట్లు కొట్టాం. కొట్టమా మరి? కళ్ళెదుట కనిపిస్తోంది. ఆ రోజు నుంచి మా డిపార్టుమెంటులో డీఎన్‌ఏ అంటే మిరపనారు తెచ్చి, నూరి, కుంకుడురసంతో తీసిందే. ఫ్రిజ్జులో పెద్ద సీసా ఉండేది. అందరూ అందులోంచే పోసుకునేవాళ్ళు. బయట నుంచి ఎవరొచ్చినా ఆయన ఆ సీసా చూపించి, "ఇది గుంటూరు మిరప, ఇది మన కుంకుడు" అని మురిసిపోయేవారు.

ఆయన తెలివితక్కువవాడని నేననను. సబ్బుపొడిలో వెలిగే మందుందని కనిపెట్టింది ఆయనే. పూర్తిగా తప్పు చెప్పేవాడు ఎక్కడో ఒకచోట దొరికిపోతాడు. సగం ఒప్పు చెప్పేవాణ్ణి పట్టుకోవడమే కష్టం.

జానీ బేగం

జానీ బేగంది దర్శి. వాళ్ళ నాన్న మౌలాలి. రైతుల దగ్గర మిరప బస్తాలు ఎత్తుకుని గుంటూరు యార్డుకు తోలే వ్యాను ఆయనది. మనిషి ఎక్కడున్నా ముందు ఆయన గొంతే వినపడేది. కూతురు మా దగ్గర, సుదర్శనరావు గారి కింద, పీహెచ్‌డీలో చేరిన రోజున నా గదికి వచ్చి, "అమ్మా, మా పిల్ల చదివేది నాకు అర్థం కాదు. మీకు అర్థమవుద్దిగా? అయితే చాలు" అని వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయి తన రంగును తానే తయారు చేసుకుంది. ఎన్నిసార్లు పాడైతే అన్నిసార్లు మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి నారింజ రంగు పొడి చేతికొచ్చింది. దాన్ని నీళ్ళలో కలిపి, నా గదిలో యంత్రంలో పెట్టి, ఫ్రిజ్జు సీసాలోంచి డీఎన్‌ఏ చుక్కలు వేసింది. తెర మీద గీత లేచింది. ఇంకో చుక్క. ఇంకా లేచింది. "మేడం! వెలుగుతోంది మేడం!" అని కేకపెట్టి నన్ను వాటేసుకుంది. గాజు గొట్టం తీసి అతినీల దీపం కింద పెడితే లేత వేపాకు రంగులో మెరిసిపోతోంది. అంత చక్కటి వెలుగు నేనూ చూడలేదు.

సుదర్శనరావు గారు పరుగున వచ్చారు. రంగుకు అక్కడికక్కడే 'గుంటూరు గ్రీన్' అని పేరు పెట్టేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! పరిశోధన పత్రం వేశారు, అందులో పేర్లు ముందు ఆయనది, తర్వాత ఆ పిల్లది. గీత ఎంతకీ వంగడం లేదు, పైపైకి పోతూనే ఉంది. "సార్, ఇది ఆగదేంటి?" అని జానీ అడిగితే, "అదేనమ్మా దీని గొప్ప! ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది" అన్నారు. అడిగిన ప్రశ్నే గొప్పగా మారిపోతే ఆ పిల్ల మాత్రం ఇంకేం అడుగుతుంది?

ఈలోగా జానీకి ఒంగోలులో ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఖాయమైంది. షరతు ఒక్కటే, వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు డాక్టరేటు చేతికి రావాలి. థీసిస్ ఇచ్చేసింది. వైవా ఒక్కటే మిగిలింది. మౌలాలి దర్శిలో టీకొట్టు టీకొట్టుకీ తిరిగి చెప్పేశాడు, మా జానీ డాక్టరవుతోందని. ఒకాయన మోకాళ్ళ నొప్పికి మందడిగితే, "ఆ డాక్టరు కాదు బావా, దానికన్నా పెద్దది" అన్నాడట.

ఎంజైము వేసిన ఉదయం

థీసిస్ చదివిన బయటి ఎగ్జామినర్ పెద్దావిడ. అంతా బాగుందని రాసి, చివర ఒక ప్రశ్న అడిగింది. డీఎన్‌ఏను ఎంజైముతో తునాతునకలు చేస్తే ఈ వెలుగు ఆరిపోతుందా? వైవాలో చెప్పమంది.

ఇంతే ప్రశ్న. నిచ్చెనను ముక్కలు ముక్కలుగా నరికేస్తే అందులో ఇరుక్కున్న రంగు మళ్ళీ నీళ్ళలో పడుతుంది, మళ్ళీ తిరుగుతుంది, చీకటైపోతుంది. ఒక పూట పని. మా డిపార్టుమెంటులో అది ఎవరూ చేయలేదు. వెలుగుతుంటే ఆర్పి చూద్దామని ఎవరికనిపిస్తుంది?

మర్నాడు పొద్దున జానీ, నేను కూర్చున్నాం. ముందు పాత ఇథిడియంతో చేయించాను, ఎంజైము పనిచేస్తోందో లేదో తెలియాలి కదా. ఫ్రిజ్జు సీసాలోని డీఎన్‌ఏ, ఇథిడియం, ఎంజైము. తెర మీద గీత నెమ్మదిగా జారి, కిందికి దిగి, అడుగున పడుకుంది. సీసాలో డీఎన్‌ఏ ఉంది, ఎంజైము దాన్ని నరికింది, వెలుగు ఆరింది. శాస్త్రం చెప్పినట్టే జరిగింది.

తర్వాత జానీ రంగు. అదే సీసా, అదే ఎంజైము. గీత కదల్లేదు.

"ఇంకాస్త ఆగుదాం మేడం" అంది. ఆగాం. టీ తెప్పించాను, చల్లారిపోయింది. గీత పైనే ఉంది, గీసి పెట్టినట్టు.

"తగ్గట్లేదేంది మేడం?"

"ఇంకొంచెం ఎంజైము వెయ్యి."

వేసింది. తగ్గలేదు. నరకాల్సిన నిచ్చెనంతా నరికేశాక కూడా రంగు వెలుగుతోందంటే, అది ఇన్నాళ్ళూ ఆ నిచ్చెన ఎక్కనేలేదు! మరి ఎక్కడ కూర్చుంది?

ముందు ఆ పిల్ల బుర్రే పనిచేసింది. లేచి వెళ్ళి, కుంకుడురసం గిన్నె తెచ్చింది. రంగు నీళ్ళలో ఆ రసం చుక్క వేసింది. డీఎన్‌ఏ లేదు, మిరప లేదు, ఏమీ లేదు. దీపం కింద పెట్టింది.

లేత వేపాకు రంగు.

కుంకుడుకు నురగ వస్తుంది కదా. ఆ నురగ పుట్టించే అణువులు నీళ్ళలో చిన్నచిన్న ఉండలు కడతాయి. జిడ్డుకు ఆ ఉండల్లోనే చోటు దొరుకుతుంది, పట్టుచీర మురికి వదిలేది అందుకే. జానీ రంగు కూడా వెళ్ళి ఆ ఉండల్లో దాక్కుంది. అక్కడ ఇరుక్కుని, తిరగలేక, వెలిగింది. డీఎన్‌ఏ తీసేటప్పుడు కలిసిన రసం పూర్తిగా వదలక సీసాలోనే ఉండిపోయింది. చుక్క డీఎన్‌ఏ వేసినప్పుడల్లా దాంతోపాటు కుంకుడూ పడింది. వేసేకొద్దీ కొత్త ఉండలు, కొత్త వెలుగు. ఇంక గీత ఎందుకు వంగుతుంది? కుంకుడురసాన్ని ఒక్కదాన్నే చూసి చీకటిగా ఉందని చప్పట్లు కొట్టాం, రంగుతో కలిపి చూడాలని తోచలేదు. వాపును చూసి బలుపనుకున్నాం.

జానీ నేల మీద కూలబడిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నేను ఇన్నేళ్ళు కొలిచింది తలంటుకునే రసాన్నా మేడం?" అంది.

నేనూ వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.

చేశామని చెబుదాం

సుదర్శనరావు గారికి చూపించాం. గొట్టం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఎంజైము పాతదై ఉంటుంది."

"ఇథిడియంతో పనిచేసింది సార్" అంది జానీ.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. చాలా మామూలుగా, రేపు క్లాసు లేదని చెప్పినంత మామూలుగా, "చేశామని చెబుదాం. ఆరిపోయిందని చెబుదాం" అన్నారు.

నేను విన్నది నిజమేనా అని జానీ మొహంకేసి చూశాను. ఆ పిల్ల నా మొహంకేసి చూస్తోంది. ఇరవయ్యేళ్ళు ఆయన కింద పనిచేశాను. ఒక్క అంకె తేడా వస్తే పిల్లలచేత మొత్తం మళ్ళీ చేయించిన మనిషి! నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను.

"సార్, మీరేమంటున్నారు?"

"ఏమంటున్నానమ్మా? ఆవిడ వచ్చి చూస్తుందా? ఆ పిల్ల ఉద్యోగం పోతుంది సత్యవతమ్మా. వైవా అవనివ్వండి, తర్వాత మనమే నిదానంగా సరిదిద్దుకుందాం. నా కోసం చెబుతున్నానా నేను?"

సగం ఆ పిల్ల కోసమే చెప్పారు. మిగతా సగం 'గుంటూరు గ్రీన్' కోసం. ఈ సగాలతోనే ఆయనతో నాకు పేచీ.

జానీ మాత్రం, "ఆలోచించుకుంటాను సార్" అని బయటికొచ్చింది. నాతోపాటు స్టేషన్ దాకా నడిచింది. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాం.

"మీరేం చెయ్యమంటారు మేడం?"

"అబద్ధం చెప్పమని నేను చెప్పలేనమ్మా. నిజం చెప్పమనడం తేలిక, పోయే ఉద్యోగం నాది కాదు. నిజం చెప్పి నువ్వు ఇంట్లో కూర్చుంటే నీ జీతం నేనిస్తానా?"

"వేరేవాళ్ళు మన పత్రం చూసి ఈ రంగు చేసుకుని, దీన్ని నమ్మి ఏ రోగం పరీక్షకో వాడితేనో?"

"వాడతారు. కాగితం మీద నీ పేరుంది."

జానీ నా బండి వచ్చాక లేచి, "మా నాన్నకు ముందుగా చెప్పొద్దు మేడం. తెలిస్తే ఆయన రాడు. ఆయన రావాలి" అంది.

ఏం చెయ్యబోతోందో నాకప్పుడు అర్థమైంది. అర్థమై ఇంకా భయమేసింది.

దర్శి నుంచి వచ్చిన వ్యాను

మా దగ్గర వైవా అంటే నలుగురిలో జరగాలి. ఎవరైనా వచ్చి వినొచ్చు, ఎవరైనా అడగొచ్చు. అడిగేవాళ్ళు ఎవరూ ఉండరనుకోండి. చుట్టాలొస్తారు, శాలువాలొస్తాయి, భోజనాలుంటాయి, చిన్నసైజు పెళ్ళి. అప్పటికి ఫలితం అందరికీ తెలిసే ఉంటుంది.

మౌలాలి చుట్టాలనీ ఊళ్ళోవాళ్ళనీ తన వ్యానులోనే ఎక్కించుకొచ్చాడు. ఎంత కడిగినా మిరప ఘాటు ఎక్కడికి పోతుంది! దిగినవాళ్ళు దిగినట్టే తుమ్ములు. హాల్లో కూర్చున్నాక కూడా ఆగలేదు. ఎగ్జామినరమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "గుంటూరు వచ్చానని ఇప్పుడు నమ్మకం కుదిరింది" అంది.

జానీ ఇంగ్లీషులో మొదలుపెట్టింది. రంగు ఎలా తయారు చేసిందీ, ఎలా కొలిచిందీ చెప్పింది. ఎంజైము దగ్గరికొచ్చేసరికి ఆగి, గ్లాసుడు నీళ్ళు తాగి, తెలుగులోకి మారింది.

"మా నాన్నకు కూడా తెలియాలని తెలుగులో చెబుతున్నానండి. నా రంగు డీఎన్‌ఏను పట్టుకుంటుందని నేను థీసిస్‌లో రాశాను. అది తప్పు. నేను చూసిన వెలుగు డీఎన్‌ఏది కాదు. కుంకుడురసానిది."

హాల్లో తుమ్ములు కూడా ఆగిపోయాయి.

సుదర్శనరావు గారు లేచారు. "అమ్మాయి కంగారులో ఉందండీ. సీసాలు కడగడంలో ఏదో లోపం జరిగుంటుంది" అన్నారు. ఆ పిల్ల మీదికి నెట్టేశారు, అందరి ముందు! నేను కుర్చీలో సగం లేచాను. జానీ చెయ్యి ఊపి నన్ను ఆపింది.

"అయితే మీరే కలపండి సార్. కొత్త గొట్టాలు. ఇది నా రంగు. ఇది పొద్దున నేను పిసికిన కుంకుడురసం. డీఎన్‌ఏ లేదు."

ఆయన కదల్లేదు. ఎగ్జామినరమ్మ లేచి వెళ్ళి తానే కలిపింది. దీపాలు ఆర్పారు. చీకట్లో ఆవిడ చేతిలో గొట్టం ఆకుపచ్చగా వెలిగింది. ముసలీ ముతకా అందరూ 'ఓహ్' అన్నారు, పాపం, చాలా బాగుందనుకున్నారు.

దీపాలు వేశాక మౌలాలి లేచి నిలబడ్డాడు. అర్థమైందాయనకి.

"ఏమ్మా, తప్పని నీకు ముందే తెలుసా?"

"తెలుసు నాన్నా."

"తెలిసి ఇంతమందిని పిలిపిస్తివా? ఇంతమంది ముందర నా తల తీసెయ్యాలనా?"

"ఊళ్ళో అందరికీ నువ్వే చెప్పావు కదా నాన్నా, నేను కనిపెట్టానని. కాదని కూడా వాళ్ళందరికీ నేనే చెప్పాలి కదా. రేపు ఇంకెవరో చెబితే నీ తల నిలబడేదా?"

ఆయన కూర్చోలేదు. ఎగ్జామినరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మా పిల్ల పాసా, ఫెయిలా?"

ఆవిడ మెత్తగానే చెప్పింది. "రాసిచ్చింది ఒకటి, చూపించింది ఒకటి. రాసిచ్చినదానికి నేను పట్టా ఇవ్వలేనండి. చూపించింది రాసుకుని రమ్మనండి, మళ్ళీ నేనే వస్తాను."

అంటే ఉద్యోగం పోయినట్టే. హాల్లో అందరికీ ఆ సంగతి తెలుసు. మౌలాలి తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, తనవాళ్ళ వైపు తిరిగి, "పదండి, బిర్యానీ చల్లారిపోతంది" అన్నాడు. అందరూ తిన్నారు. సుదర్శనరావు గారు మాత్రం భోజనానికి రాలేదు.

పిల్లలకు ఒక మాట

ఇక్కడ ఆగి ఒక మాట చెబుతాను, మళ్ళీ చెప్పను. మీ రంగు వెలిగిన రోజున మీ అంత సంతోషించేవాళ్ళు ఉండరు. ఆ సంతోషంలోనే దాన్ని ఆర్పడానికి ప్రయత్నించండి. ఇల్లలకగానే పండగ కాదు. ఆర్పడానికి చూసినా ఆరకపోతే ఎందుకు ఆరలేదో వెతకండి. ఆరవలసినప్పుడు ఆరే వెలుగునే నమ్మాలి. అలాగే మీ పైవాడు ఎంత మంచివాడైనా, మీకు ఎంత ఉపకారం చేసినవాడైనా, "చేశామని చెబుదాం" అన్న రోజున లేచి బయటికి రండి. గౌరవంగానే రండి, కానీ రండి.

ఒంగోలు ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది. జానీ ఒక ప్రైవేటు కాలేజీలో తక్కువ జీతానికి చేరి, సెలవుల్లో నా గదికి వచ్చేది. శుద్ధమైన సబ్బుతో మిరప డీఎన్‌ఏ తీసింది, పత్తి డీఎన్‌ఏ తీసింది, బయట నుంచి తెప్పించినదీ వాడింది. ఒక్కదానిలోనూ ఆ రంగు వెలగలేదు. తన పత్రం తప్పని పత్రికవాళ్ళకు తానే రాసింది. సంతకం కోసం సుదర్శనరావు గారి దగ్గరికి తీసుకెళితే ఆయన చదవకుండా పక్కన పెట్టారట. చాలా వారాల తర్వాత ఒకరోజు సంతకం చేసి, తానే తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. ఎందుకు మనసు మారిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

రెండో వైవా

మళ్ళీ అదే హాలు, అదే ఎగ్జామినరమ్మ. ఈసారి ఎవరూ రారనుకున్నాను. బయట వ్యాను చప్పుడైంది, వెంటనే తుమ్ములు. నేను నివ్వెరపోయి చూస్తూండగానే మౌలాలి పోయినసారి వచ్చినవాళ్ళందరినీ దింపుతున్నాడు.

గుమ్మం దగ్గర కూతుర్ని ఆపాడు. ఎంత మెల్లగా అడుగుదామనుకున్నా ఆయన గొంతు హాలంతా వినపడింది.

"ఏమ్మా, ఈసారన్నా వెలుగుద్దా?"

"వెలగదు నాన్నా."

"మళ్ళీనా? మరి పట్టా దేనికిస్తున్నారు?"

"ఎందుకు వెలగదో తేల్చినందుకు."

ఆయన వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు.

జానీ అంతా చెప్పింది, ఈసారి మొదటి నుంచీ తెలుగులోనే. చివర్లో తన రంగులో శుద్ధమైన డీఎన్‌ఏ పోసి, గొట్టం పైకెత్తి పట్టుకుంది. దీపాలు ఆర్పారు. అతినీల దీపం వేశారు. దాని చుట్టూ నాలుగైదు తెల్లచొక్కాలు నీలంగా వెలుగుతున్నాయి. ఆమె చేతిలో గొట్టం చీకటిగా ఉంది. అందరూ మెడలు చాచి చూశారు. అది చీకటిగానే ఉంది.

ఆ చీకట్లో ముందు వరసలోంచి గొంతు లేచింది.

"వెలగలా! మా పిల్ల చెప్పినట్టే వెలగలా! ఏంది చూస్తండారు, కొట్టండ్రా చప్పట్లు!"